పటమట సంబంధం

మొన్న సిటీ బస్సులో నా ముందు సీటులో కూర్చున్న ఒక పిల్ల ఫోనులో వాళ్లమ్మకి అబద్ధం చెబుతోంది.

"ఎప్పుడో రావాల్సిందమ్మా, కంట్రోల్ రూమ్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఎద్దు అడ్డంగా పడుకుందమ్మా. నల్ల ఎద్దు. దానికి ఒక కొమ్ము విరిగిపోయింది కూడాను."

నాకు నవ్వాగలేదు. పక్కనావిడ నా వైపు అదోలా చూసి పర్సు దగ్గరకు లాక్కుంది. ఎద్దు దాకా ఎవరైనా చెబుతారు. ఆ విరిగిన కొమ్ము విన్నాక మాత్రం మా ఎదురింటి పిల్ల కళ్ల ముందుకొచ్చేసింది.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటోంది. నీ గురించి నాలుగు ముక్కలు రాసుకోనా అని ఫోనులో అడిగితే, "రాసుకో పిన్నీ, పేరు మాత్రం వద్దు. పేరు లేదు కదా అని అడ్డదిడ్డంగా రాయకు, నన్ను కాస్త అందంగా రాయి" అంది. అందంగా రాయడానికి నాకేమీ కష్టం లేదు. ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

ఆ పిల్లకి అబద్ధం చెప్పడం రాదు. రాదంటే చెప్పదని కాదు, చెబితే దొరికిపోతుందని. నిజమైతే ఒక్క ముక్కలో తేల్చేసేది. ఎక్కడికెళ్లావే అంటే "కాలేజీకి" అనేది, అంతే. అబద్ధమైతే దాని వెనకాల ఆటో వచ్చేది, ఆటోవాడి ఊరు వచ్చేది, ఆటోవాడి బావమరిదికి జరిగిన ఆపరేషన్ కూడా వచ్చేది. వాళ్ల నాయనమ్మ అంతా విని, "ఆపరేషన్ బాగా జరిగిందా లేదా అదీ చెప్పి, అప్పుడు కాళ్లు కడుక్కో" అనేది.

వాళ్లది పెడన. తాతగారు మగ్గం నేసేవారట. తండ్రి మగ్గం వదిలేసి, పెడన నుంచీ మంగళగిరి నుంచీ చీరలు తెచ్చి వన్‌టౌన్ కొట్లకి వేసే వ్యాపారం పెట్టుకుని భవానీపురంలో స్థిరపడ్డాడు. మా రెండిళ్లూ సందులో ఎదురెదురు. వాళ్ల ఇంటి కింది భాగమంతా చీరల కట్టలే. ఆ చీరల పమిట కొసలకి కుచ్చులు కట్టేది నేను. చీరలు తెచ్చి ఇవ్వడం, కట్టినవి పట్టుకుపోవడం ఆ పిల్ల పని. చున్నీ నడుముకి బిగించి, చంకలో చీరల కట్టతో సందు దాటేది. వెళ్లేటప్పుడు మాత్రం వెనక్కి నడుస్తూ వెళ్లేది, మాట అయిపోదు కాబట్టి. మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ల గేటుకి వీపు తగిలితేనే ఆగేది.

చీరల మధ్య పుట్టిన పిల్ల కాబట్టి రంగులన్నీ నోట్లోనే ఉండేవి. ఎలా ఉన్నావే అంటే బాగున్నాననదు. "ఇవాళ ఆనందబ్లూ పిన్నీ" అనేది. పరీక్ష పోయిన రోజు తుప్పు రంగు. వాళ్లమ్మ తిట్టిన రోజు వంకాయ రంగు. ఒకరోజు నాకు జ్వరమొచ్చి పడుకుంటే తలుపు సందులోంచి తొంగి చూసి, "అయ్యో, పిన్ని వెలిసిపోయింది" అని వాళ్ల నాయనమ్మ చేత మిరియాల చారు పెట్టించి తెచ్చింది.

ఆ నాయనమ్మ గురించి చెప్పకుండా ఈ పిల్ల గురించి చెప్పడం కుదరదు. ఆ ఇల్లు ఆవిడ మాట మీద నడిచేది. కొడుకు కట్టల బేరం చేసినా, కోడలు కూర వండినా, చివర్న పెద్దావిడ "సరే" అనాలి. ఆవిడ దగ్గర ఒక విద్య ఉంది. కృష్ణా జిల్లాలో ఎవర్ని తెచ్చి ముందు కూర్చోబెట్టినా, ఇంటిపేరేంటి, అమ్మమ్మగారి ఊరేంటి అని మెల్లగా మొదలుపెట్టి, కాఫీ చల్లారేలోపు వరస తేల్చేసేది. గ్యాసు బండ తెచ్చే అతను కూడా ఆవిడకి మేనల్లుడి వరసయ్యాడు. ఆ రోజు నుంచి వాళ్ల బండ మేడ మీదికి మోసుకొచ్చి బిగించి మరీ వెళ్లేవాడు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాక ఆ పిల్ల ఒక స్నేహితురాలిని ఇంటికి తెచ్చింది. ఊరికి అవతలి కొసనున్న పటమట నుంచి వచ్చేది కాబట్టి సందులో అందరం పటమట పిల్ల అనేవాళ్లం. తెల్లగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. నాయనమ్మ ఆ పిల్లని కూర్చోబెట్టి అట్లు పోసి పెడుతూ వరస తవ్వడం మొదలుపెట్టింది.

"మీ నాన్నమ్మది బందరా? ఏ వీధి? అయితే ఆవిడ తోడికోడలు మా పెద్దనాన్నకి కోడలు గదా! ఇంకేం. మీ అమ్మ నాకు కూతురు వరస. నువ్వు మా దానికి వదినవి."

"రెండు నెలలే పెద్ద అండీ నేను" అంది పటమట పిల్ల, అట్టు నములుతూ.

"రెండు నెలలైనా వదినే. ఏమే, వదినా అని పిలువు!"

అలా వాళ్లిద్దరూ వదినా మరదళ్లయ్యారు. మనలో వదినా మరదళ్లంటే ఎగతాళికి హక్కున్నట్టే. గిల్లుకున్నా, జడలు లాక్కున్నా, ఒక కంచంలో తిన్నా, గంటల తరబడి గుసగుసలాడుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. పైగా ముచ్చటపడతారు. మా సందంతా ముచ్చటపడింది.

ఒకరోజు మధ్యాహ్నం కుచ్చులు కట్టిన చీరలు ఇవ్వడానికి వాళ్ల మేడ మీదికి వెళ్లాను. గంజి పెట్టిన నూలు చీరలు అక్కడే ఆరేస్తారు. పూర్తిగా ఆరకముందే ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగి, అంచుకి అంచు కలిపి, ఒకరికి ఎదురుగా ఒకరు నడిచి మడత పెట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ కొసన పటమట పిల్ల, ఈ కొసన మన పిల్ల. లాగుతున్నారు, నవ్వుతున్నారు, గంజి వాసన. చీర మడత సగమయ్యాక పటమట పిల్ల రెండు అంచులూ పట్టుకుని నడిచొచ్చి మన పిల్ల చేతికిచ్చింది. వేళ్లు తగిలాయి. పటమట పిల్ల తన పాటికి తాను వంగి కింది మడత అందుకుంది. మన పిల్ల మాత్రం చేతిలో చీర సంగతి మరిచిపోయి అలాగే నిలబడింది. ఆ మొహం నేను చూశాను. మా ఆడపడుచు కూతురు, పెళ్లి కుదిరిన కొత్తలో, కాబోయేవాడు గేటు తీస్తుంటే కిటికీలోంచి సరిగ్గా అలాగే చూసేది.

ఓహో అనుకున్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ పిల్లకే ఇంకా తెలుసో లేదో.

ఆ తర్వాత పటమట ప్రయాణాలు ఎక్కువయ్యాయి. రికార్డు రాయాలని ఒకరోజు, ఛార్జరు మర్చిపోయానని ఒకరోజు. అబద్ధాల్లోకి కొత్త కొత్త ఆటోవాళ్లు వస్తూనే ఉన్నారు. ఫోను చూసుకుని నవ్వుకోవడం, చారన్నంలో పెరుగన్నం కలుపుకోవడం. నాయనమ్మ అన్నీ గమనించింది. ఒకరోజు మా వరండాలోకొచ్చి కుర్చీ నా దగ్గరకు జరుపుకుంది.

"అమ్మాయ్, మనపిల్ల మనసు ఎక్కడో పడింది."

నా చేతిలో కుచ్చు జారిపోయింది. "ఎక్కడ పెద్దమ్మా?"

"ఇంకెక్కడ? పటమటలో. ఆ పిల్లకి అన్నున్నాడుగా! గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. నేనూ చూశా, ఒకసారి చెల్లెల్ని దింపడానికి వచ్చాడు, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. బుద్ధిమంతుడు. పైగా చూడు, మనకి బావ వరస! లోకంలో పిల్లలు ఎవరెవర్నో ప్రేమిస్తుంటే, నా మనవరాలు వరసైనవాణ్ణి ప్రేమించింది. బంగారం."

నేనేం చెప్పను? అది నా నోటితో చెప్పవలసిన సంగతి కాదు. "పిల్లని ఒక మాట అడగండి పెద్దమ్మా" అన్నాను.

"అడిగితే ఆటోవాడి కథ చెప్పిద్ది. పెళ్లేమన్నా రేపే చేస్తామా? చదువయ్యాకే. ఊరికే ఒక మాట వేసుంచుదాం. నువ్వు తోడు రా."

వెళ్లాం. పెద్దావిడ జరీ అంచు చీర కట్టింది. సంచిలో పళ్లు, పూలు, పసుపు కుంకుమ, కొత్త మంగళగిరి చీర. పటమట పిల్ల వాళ్లమ్మకి బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టి, సంగతి చెప్పింది. ఆవిడ ఆనందంతో వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ, "పిన్నిగారూ, మాకు మాత్రం అంతకంటే ఏం కావాలండీ" అంటూ మాకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది. ఇచ్చిన సంగతి మర్చిపోయి మూడోసారి కూడా అడిగింది. నాయనమ్మ ఆవిడ చేతిలో చెయ్యి వేసి, "నా మాట ఇది. పిల్ల మీది" అనేసింది. పెడనలో ఆవిడ మాటంటే రాసిచ్చినట్టే.

ఆ సాయంత్రమే ఆ పిల్ల మా వరండాలోకి వచ్చింది. చంకలో చీరల్లేవు.

"పిన్నీ, నాయనమ్మా నువ్వూ పటమట ఎందుకెళ్లారు?"

చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"వాళ్ల అన్నయ్యా? ఆ అబ్బాయితో నేను మాట్లాడింది ఒకేసారి పిన్నీ. ఫ్యాను స్విచ్ ఎక్కడండీ అని అడిగాను."

"మరి రోజూ పటమట ఎందుకు పరిగెడుతున్నావే?"

చాలాసేపు నేల మీది దారం ముక్కలు ఏరింది. తర్వాత చెప్పింది.

"దానికోసం."

ఒక్క ముక్క. ఆటో లేదు, ఎద్దు లేదు.

నేను నోరు తెరిచేలోపే మిగతాదంతా తన్నుకొచ్చింది. టెన్తులో స్నేహితురాళ్లందరూ అబ్బాయిల గురించి చెప్పుకుంటుంటే తనకి చెప్పుకోవడానికి ఎవరూ లేక, ఊరికే ఒక అబ్బాయిని కల్పించిందట. "వాడికి ఎర్ర సైకిలిచ్చాను పిన్నీ. గడ్డం మీద పుట్టుమచ్చ పెట్టాను. వాళ్ల నాన్నకి బదిలీ అయిందని చెప్పి వాడిని రాజమండ్రి పంపించేశాను. అందరూ నన్ను ఓదార్చారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. అప్పుడు పక్కన కూర్చుని నా కళ్లు తుడిచిన అమ్మాయిని చూసి గుండె కొట్టుకుంది. అప్పుడు డౌటొచ్చింది."

"ఇప్పుడు డౌటు లేదా?"

"లేదు."

వాళ్లమ్మ వంటింట్లోంచి కేకేసింది. వస్తున్నానని ఈ పిల్ల కేకేసి, లేవలేదు.

"తమాషా ఏంటో తెలుసా పిన్నీ? ఒక్క ఊ అంటే చాలు. ఇప్పుడు అది నాకు వదిన. ఊ అంటే నేను దానికి వదిననవుతాను. ఒకే ఇల్లు. పొద్దున లేవగానే దాని మొహం చూడొచ్చు. ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. నాయనమ్మ సంతోషం, అమ్మ సంతోషం, పటమట సంతోషం."

"అయితే అనెయ్యి" అన్నాను. అంటుందేమోనని లోపల భయపడుతూనే.

"ఆ అబ్బాయి పాపం కాదా? ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసి ఇంటికొస్తే, పెళ్లాం కూర్చుని చెల్లెలి మొహం చూస్తుంటదా? పైగా అది మాత్రం ఇంట్లోనే ఉంటదా? ఎవర్నో చేసుకుని చక్కా పోద్ది. నేను ముప్పై ఏళ్లు వాళ్లమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుండాలి." తనే ఫక్కున నవ్వేసింది. నవ్వాక కళ్లు తుడుచుకుంది.

"ఇవాళ ఏ రంగే?" అన్నాను.

"ఏ రంగూ లేదు పిన్నీ. అద్దకం వెయ్యని నూలు."

మర్నాడు ముందుగా పటమట పిల్లకే చెప్పింది, కాలేజీ బయట పానీపూరీ బండి దగ్గర. ఆ పిల్ల నోట్లో ఉన్న పూరీ నమిలి, మింగి, నీళ్లు తాగి, "నేను అలా కాదే" అందట. తర్వాత, "నాకు కొంచెం తెలుసనుకుంటా. నువ్వు చెప్పేదాకా అడగకూడదనుకున్నా. మా అన్నయ్యని మాత్రం చేసుకోకు, వాడు గురక పెడతాడు" అందట. నాకు చెబుతూ మన పిల్ల ఒక వైపు నవ్వింది, ఒక వైపు ఏడ్చింది. ప్రేమ పోయింది, మనిషి పోలేదు. రెండూ ఒకేసారి జరిగితే ఏం చెయ్యాలో ఆ వయసు పిల్లకేం తెలుస్తుంది?

ఇక ఇంట్లో చెప్పాలి. ఆదివారం నాయనమ్మ తన తలకి నూనె రాసి జడ వేసేటప్పుడు చెబుతానంది. అలా అయితే మొహం చూడక్కర్లేదట. "నువ్వు కూడా ఉండు పిన్నీ, ఊరికే కుచ్చులు కట్టుకుంటూ కూర్చో" అంటే వెళ్లి కూర్చున్నాను.

"నాయనమ్మా, పటమట సంబంధం నాకొద్దు."

"ఏం? అలిగాడా?"

"ఆ అబ్బాయనే కాదు. నాకు అబ్బాయిలు ఎవరూ వద్దు. వాళ్ల మీద ఆ మనసు రాదు నాకు. అమ్మాయిల మీద వస్తుంది."

నూనె చేతులు తల మీద ఆగిపోయాయి.

"ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించీ అనుకుంటా."

"మరి చెప్పలేదేం?"

"నాకూ ఇప్పుడే గదా తెలిసింది నాయనమ్మా."

పెద్దావిడ జడ సగంలో వదల్లేదు. చివరిదాకా అల్లి, రిబ్బను ముడేసి, చేతులు తుడుచుకుని లేచింది. "మాట ఇచ్చొచ్చానే" అంది. అంతే, గదిలోకి వెళ్లిపోయింది.

గుమ్మంలో వాళ్లమ్మ నిలబడి ఉంది. ఎంతవరకు విన్నదో గాని, కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది. ఆ సాయంత్రానికే ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేసింది. కాలేజీ మానిపించాలి, పిల్లని పెడనలో తన అన్నగారింట్లో ఉంచాలి. అక్కడ నలుగురిలో ఉంటే అదే సర్దుకుంటుందని ఆవిడ నమ్మకం. ఆ మనిషి చెడ్డది కాదు, భయపడింది. వాళ్ల నాన్న సంగతంటారా, కొట్లో ముప్పై చీరలు పరిచి ఒక్కో చీరకి ఒక్కో కథ చెప్పగల మనిషి, ఇంట్లో ఒక్క మాట లేక కిందికెళ్లి, మడత పెట్టి ఉన్న చీరలన్నీ విప్పి మళ్లీ మడత పెట్టాడు. భార్య వెనకాలే వెళ్లి ఏదో ఒకటి చెప్పండి అంటే, "అమ్మ ఏమంటదో చూద్దాం" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. కంచంలో అన్నం పెట్టేది, కూర వేసేది, నెయ్యి కూడా వేసేది. మాట మాత్రం లేదు. ఆ పిల్ల కాలేజీ బ్యాగు హాల్లో కుర్చీలో అలాగే ఉంది. దాన్ని తీసుకుని బయటికెళ్లాలో, పెడన బట్టలు సర్దుకోవాలో తెలియక, వచ్చి మా వరండాలో కూర్చునేది. "తిట్టినా బాగుండు పిన్నీ. నెయ్యి వేస్తోంది, మాట్లాడట్లేదు" అనేది. రంగులన్నీ మానేసింది.

కొన్ని రోజులకి ఒక ఉదయం పెద్దావిడ మళ్లీ జరీ అంచు చీర కట్టుకుని హాల్లోకి వచ్చింది.

"పటమట వెళ్లాలి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి. అమ్మాయ్, తోడు రా" అని మా ఇంటి వైపు కేకేసింది.

కోడలు పరుగున వచ్చి, "జాతకాలు కుదర్లేదని చెప్పండత్తయ్యా. మీకు దణ్ణం పెడతా, ఇంకేం చెప్పకండి" అంది.

పిల్ల లేచి చెప్పులేసుకుంది. "నేనూ వస్తా. నాయనమ్మ మాట పోయింది నావల్ల గదా."

పెద్దావిడ వద్దనలేదు, రమ్మననూ లేదు. ఆటోలో ముగ్గురం కూర్చున్నాం. దారిలో నేనొక్కదాన్నే ఎండ గురించి మాట్లాడాను.

పటమటలో ఆ పూట అందరూ ఇంట్లోనే ఉన్నారు. పటమట పిల్ల, వాళ్లమ్మ, గన్నవరం డ్యూటీకి తయారై బూట్లు వేసుకుంటున్న అబ్బాయి. కాఫీలొచ్చాయి. నాయనమ్మ గ్లాసు ముట్టుకోలేదు. నోరు తెరవబోయింది, మాట రాలేదు. మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి అలవాటు లేదు. అప్పుడు మన పిల్ల అందుకుంది.

"అత్తా, జాతకాలు కుదర్లేదంట. పెడన పంతులుగారు చూశారు. కుజదోషమన్నారు. మంచాయనే అత్తా, పెద్దాయన, కళ్లజోడుకి ఒక పక్క దారం కట్టుకుంటాడు, ఆ దారం కూడా ఎర్రది..."

అక్కడ ఆగింది. నాయనమ్మ వైపు చూసింది. పటమట పిల్ల నమలడం ఆపేసింది.

"కాదత్తా. పంతులూ లేడు, దారమూ లేదు. నాకు అబ్బాయిల మీద మనసు లేదు. అమ్మాయిలంటేనే ఇష్టం. మీ అబ్బాయి మంచివాడు. అందుకే అబద్ధం చెప్పి చేసుకోలేను."

పటమట పిల్ల లేచి వచ్చి, సోఫాలో జాగా లేకపోయినా మన పిల్ల పక్కనే ఇరుక్కుని కూర్చుంది. వాళ్లమ్మ నోరు తెరుచుకుని మా అందరి మొహాలూ చూస్తోంది. అప్పుడు బూటు ఒక కాలికే వేసుకున్న ఆ అబ్బాయి, "అమ్మయ్య!" అన్నాడు.

"ఏంట్రా అమ్మయ్య?"

"అదే... అమ్మా... ఎలాగూ ఇవాళ అందరూ చెప్పేస్తున్నారు గదా... గన్నవరంలో ఒకమ్మాయి ఉంది. టికెట్ కౌంటర్లో. ఏడాది అయింది."

"ఏ గన్నవరం? ఎవరి పిల్లరా? ఏడాదా!" అని ఆవిడ వాడి మీదికి లేచింది. ఒకే పూట రెండు పిడుగులు పడితే మనిషి దగ్గర పిడుగే చూసుకుంటుంది. మా పిడుగు సంగతి ఆవిడకి అప్పటికి గుర్తు లేకుండా పోయింది. మేం లేచేటప్పటికి మాత్రం తేరుకుని, లోపలికెళ్లి, మేం పెట్టిన మంగళగిరి చీర పళ్లెంలో పెట్టి తెచ్చింది. మాట పోతే చీర వెనక్కివ్వడం మర్యాద.

నాయనమ్మ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "ఉంచుకో అమ్మాయ్. సంబంధం తప్పింది గాని చుట్టరికం తప్పలేదు."

మళ్లీ ఆటో ఎక్కాం. పెద్దావిడ ఒక చివర, పిల్ల మధ్యలో, నేనో చివర. బెంజి సర్కిల్ దాటింది. పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెడన బస్సెక్కించడానికి తీసుకెళ్తున్నట్టు కూర్చుంది. కాలవ గట్టు మీదికి వచ్చాక పెద్దావిడ బయటికి చూస్తూనే అడిగింది.

"ఆ పిల్లేనా?"

"ఏ పిల్ల నాయనమ్మా?"

"నాటకాలాడకు. సోఫాలో నీ పక్కన ఇరుక్కున్న పిల్ల."

పిల్ల తలూపింది.

"దానికి తెలుసా?"

"చెప్పాను."

"ఏమంది?"

"తను అలా కాదంట. స్నేహంగానే ఉందాం అంది."

పెద్దావిడ గిరుక్కున ఇటు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత మనవరాలి మొహంలోకి సూటిగా చూసింది.

"వద్దందా? నిన్నా?"

"వద్దని కాదు నాయనమ్మా, తనకి..."

"నిన్ను వద్దందా అది? ఏం చూసుకునంట? ఒడ్డూ పొడుగూ లేదా నీకు? చదువు లేదా? ఆ పిల్లకేముంది, ఇరవైనాలుగ్గంటలూ దవడ ఆడించడం తప్ప? చేసుకునేదానికి రాసి పెట్టి ఉండాలి నా మనవరాలు!"

"నాయనమ్మా, మెల్లగా. ఆటో అతను వింటున్నాడు."

"విననియ్. ఏం బాబూ, నువ్వు చెప్పు. ఈ పిల్లకేం తక్కువ?"

ఆటో అతను అద్దంలో చూసి బెదిరిపోయాడు. "ఏం తక్కువ లేదండి. బంగారంలా ఉందండి."

"చూశావా. దార్న పోయేవాడికి తెలిసింది." పెద్దావిడ కొంగుతో పిల్ల మొహం గట్టిగా, పళ్లెం తుడిచినట్టు తుడిచింది. పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "ఊరుకో. రేపట్నించి కాలేజీకి పో. మీ అమ్మతో నేను మాట్లాడతా. పెడనా లేదు, గిడనా లేదు. దానికోసం నువ్వు ఏడవడమేంటి? ఊళ్లో పటమట ఒక్కటే ఉందా? ఊరేం గొడ్డుపోయిందా?"